గోదాము గోడ అవతలి పొరుగువాడు

2024 మార్చి మొదటి వారం. షాబాన్ నెల ముగియవస్తోంది. అసర్ నమాజు తర్వాత ఒక పెద్దమనిషి మస్లా అడగడానికి నా దగ్గరికి వచ్చారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల, మేడ్చల్ వైపు, ఒక పల్లెను ఆనుకుని ఆయన, ఆయన భాగస్తులు కలసి పన్నెండెకరాల భూమి కొన్నారు. అందులో మూడు పెద్ద గోదాములు కట్టి ఒక కంపెనీకి అద్దెకిచ్చారు. మనిషి నమాజీ. హలాల్ సంపాదనపై శ్రద్ధ ఉన్నవారు. ఆ శ్రద్ధే లేకపోతే నా గుమ్మం తొక్కే అవసరం ఆయనకు ఉండేది కాదు.

మొదటి ప్రశ్న జకాత్ గురించి. దానికి జవాబు తేలిక. అద్దెకిచ్చిన కట్టడం విలువపై జకాత్ లేదు. దాని మీద వచ్చిన అద్దె సొమ్ము ఖర్చులు పోగా మిగిలి, నిసాబ్‌కు చేరి, దానిపై ఏడాది గడిస్తే ఆ సొమ్ముపై జకాత్ విధి అవుతుంది. ఆ జకాత్‌తో ఊరి మస్జిదుకు బోరు వేయించవచ్చా అన్నారు. కుదరదన్నాను. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం జకాత్ సొమ్ము హక్కుదారుడైన పేదవాని చేతికి, అతని సొంతంగా చేరాలి. బోరు కావాలంటే మరో సొమ్ముతో వేయించాలి.

అప్పుడాయన అసలు ప్రశ్న అడిగారు. “మౌలానా, ఆ ఊరివాళ్ళకు ఏదైనా మంచి చేయాలని మా భాగస్తులంతా అనుకుంటున్నారు. మస్జిదుకు బోరు వేయిద్దాం, బడికి రంగులు వేయిద్దాం, రమజాన్‌లో ఇఫ్తార్ పెడదాం అంటున్నారు. మొత్తం ఎంత పెడితే సరిపోతుందంటారు?”

‘సరిపోతుంది’ అన్న మాట నాకు వింతగా తోచింది. సదఖాకు సరిపోవడం అంటూ ఉండదు కదా. దేనికి సరిపోవాలి భాయ్ సాబ్ అని అడిగాను. ఆయన కాసేపు తల వంచుకున్నారు. తర్వాత మెల్లగా చెప్పారు. లారీల గురించి, నీళ్ళ గురించి ఊరివాళ్ళు గొడవ చేస్తున్నారట. పంచాయతీకి ఒకసారి, తహసీల్దారు కార్యాలయానికి ఒకసారి అర్జీ పెట్టారట. ఊళ్ళో కాస్త ఖర్చు పెడితే సర్దుకుంటుందని ఒక భాగస్తుడు సలహా ఇచ్చాడట.

ఆ సాయంత్రం నేనాయనకు ఏమీ చెప్పలేదు. ఊరు చూసి చెబుతానన్నాను.

తర్వాతి జుమా రోజున వెళ్ళాను. చిన్న ఊరు. నలభై దాకా ముస్లిం కుటుంబాలు, చిన్న మస్జిదు. మిగతావారు రైతులు, కూలీలు, గొర్రెల కాపరులు. రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు ఉన్నా గోదాముల గేటు మాత్రం ఊరి వైపే పెట్టారు. అటు వైపు పెడితే నేల ఎత్తు చేయాలి, ఖర్చవుతుంది. గేటు ఉదయం ఆరింటికి తెరుస్తారు. లారీలు నాలుగు గంటల నుంచే వచ్చి ఊరి రోడ్డుకు ఒక పక్కన వరుస కట్టి నిలబడతాయి. ఇంజన్లు నడుస్తూనే ఉంటాయి. డ్రైవర్లకు కాలకృత్యాలు తీర్చుకోవడానికి చోటు లేదు, పొలాల్లోకి పోతారు. దాంతో ఆడవాళ్ళు అటు వెళ్ళడం మానేశారు. పాపం, ఆ డ్రైవర్ల తప్పూ కాదు. రాత్రంతా బండి నడిపి వచ్చి, గేటు బయట పడిగాపులు కాసేవాళ్ళను ఏమనగలం? బడి పిల్లలు లారీలకూ కాలువకూ మధ్యనున్న రెండు మూడడుగుల సందులోంచి నడిచి పోవడం కళ్ళారా చూశాను.

నీళ్ళ సంగతి అంతకన్నా పెద్దది. పై భూముల్లో కురిసిన వాననీటిని ఊరి కుంటకు చేర్చే చిన్న కాలువ ఒకటి ఆ పన్నెండెకరాల మధ్య నుంచి పోయేదట. పటంలో అదొక సన్నని గీత. భూమి చదును చేసిన రోజున జేసీబీ దాన్ని పూడ్చేసింది. తర్వాత ప్రహరీ గోడ లేచింది. 2023 వానాకాలంలో ఆ నీరు గోడకు అవతల నిలిచి ఒక రైతు పత్తి చేనును ముంచింది. గోడకు ఇవతల కుంట సగం కూడా నిండలేదు. గోదాముల్లో మాత్రం రెండు కొత్త బోర్లు వేశారు.

జుమా తర్వాత మస్జిదు కమిటీ సదర్ సాబ్ నన్ను పక్కకు తీసుకుపోయారు. డెబ్భై ఏళ్ళ పెద్దాయన. “హజ్రత్, వాళ్ళు బోరు వేయిస్తామంటున్నారు. ఎండాకాలంలో వుజూకు నీళ్ళు లేక పిల్లలు బిందెలు మోస్తున్నారు. కాదనకండి” అన్నారు. ఆయన కళ్ళలోకి చూసి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం రాయడానికి కారణం గోదాముల యజమాని ఒక్కరే కాదు, ఆ పెద్దాయన కూడా.

ఈ గోదాములు ఒక్కసారిగా మన ఊళ్ళ అంచులకు ఎందుకు వచ్చాయో కొంచెం తెలుసుకోవాలి. లేకపోతే వ్యవహారం ఒక మనిషి స్వభావానికి సంబంధించిందే అనిపిస్తుంది. 2017 జూలైకి ముందు ఒక రాష్ట్రం నుండి మరో రాష్ట్రానికి సరుకు అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు ప్రతి రాష్ట్రంలోనూ చిన్న చిన్న గోదాములు పెట్టుకుని, సరుకును తమ గోదాము నుండి తమ గోదాముకే పంపించుకునేవి. జీఎస్టీ వచ్చాక ఆ అవసరం పోయింది. పదిచోట్ల చిన్న గోదాముల బదులు జాతీయ రహదారి పక్కన ఒకటే పెద్దది లాభసాటి అయింది. అదే ఏడాది నవంబరులో కేంద్ర ప్రభుత్వం గోదాములతో సహా సరుకు రవాణా రంగానికి మౌలిక సదుపాయాల హోదా ఇచ్చింది, అప్పు పుట్టడం సులువైంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉన్న హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు వైపుల ఈ షెడ్లు వరుసగా లేవడానికి నేపథ్యం ఇది. మనం ఇంట్లో కూర్చుని ఫోనులో ఒక వస్తువు కొంటే రేపటికల్లా గుమ్మంలో ఉంటోందంటే, దాని వెనుక ఇలాంటి ఒక షెడ్డు, దాని పక్కన ఇలాంటి ఒక ఊరు ఉన్నాయన్నమాట.

సరుకు నిల్వ చేయడం దానంతట అది చెడ్డపని కాదు. ధర పెంచడానికి జనుల ఆహారాన్ని దాచిపెట్టే ఇహ్తికార్ వేరు, సరుకును పాడుకాకుండా భద్రపరచి జనానికి చేర్చడం వేరు. రాబోయే ఏడేళ్ళ కరవు కోసం ధాన్యాన్ని వెన్నుల్లోనే ఉంచి నిల్వ చేయించిన హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. నిల్వ వల్ల ఒక దేశం బతికింది. కాబట్టి గోదాము కట్టేవాణ్ణి చూసి ముఖం చిట్లించాల్సిన పని లేదు. ప్రశ్న ఒక్కటే. తన పట్టా భూమిలో, ప్రభుత్వం అనుమతి తీసుకుని, తన డబ్బుతో కట్టుకున్న మనిషి గోడ అవతలి వారికి ఏమైనా బాకీ ఉంటాడా? ఉంటే ఆ బాకీ దానధర్మాలతో తీరుతుందా?

‘నా పట్టా, నా ఇష్టం’ అన్న మాట మనవాళ్ళ నోట కూడా తరచు వినబడుతుంది. సునన్ అబూదావూద్‌లో ఉన్న ఒక సంఘటనను ఇక్కడ తలచుకోవాలి. హజ్రత్ సమురా బిన్ జుందుబ్ (రజి)కి ఒక అన్సారీ సహచరుని తోటలో ఖర్జూర చెట్టు ఉండేది. చెట్టు ఆయన సొంతం, అందులో సందేహం లేదు. ఆ తోటలోనే అన్సారీ తన ఇల్లాలితో, పిల్లలతో ఉండేవారు. చెట్టు కోసం సమురా (రజి) వేళాపాళా లేకుండా వచ్చిపోతుంటే ఆ కుటుంబానికి ఇబ్బందయ్యేది. విషయం దైవప్రవక్త (స) దాకా వచ్చింది. చెట్టును అమ్మేయమని ప్రవక్త (స) అడిగారు, సమురా ఒప్పుకోలేదు. బదులుగా మరోచోట చెట్టు తీసుకోమన్నారు, ఒప్పుకోలేదు. దానంగా ఇచ్చేస్తే ఇంత పుణ్యం ఉందని ఆశ చూపారు, దానికీ ఒప్పుకోలేదు. అప్పుడు, నువ్వు హాని కలిగించేవాడివి అని తేల్చి, ఆ చెట్టును పెరికివేయమని అన్సారీతో చెప్పారు. ఈ హదీసు పరంపర గురించి ముహద్దిసుల చర్చ ఉంది, అయినా ధర్మవేత్తలు దీన్ని పొరుగు హక్కుల ప్రకరణంలో ప్రస్తావిస్తూనే వచ్చారు. నా మనసుకు పట్టేది అందులోని క్రమం. ముందు అమ్మకం, తర్వాత మారకం, తర్వాత దానం. యజమాని హక్కుకు ఎంత గౌరవం ఇవ్వాలో అంతా ఇచ్చారు. మూడు దారులూ అతనే మూసుకున్నాక మాత్రమే హక్కు పక్కకు జరిగింది, హాని తొలగింపు ముందుకొచ్చింది.

హాని అన్న మాటను ఎవరికి తోచినట్టు వారు సాగదీస్తే ఏ కట్టడమూ లేవదు. ఫుఖహా దీన్ని బాగా ఎరుగుదురు. ఉస్మానియా పాలనలో 1869 నుండి 1876 వరకు హనఫీ ఫిఖ్‌హ్ ఆధారంగా క్రోడీకరించిన ‘మజల్లా’ అనే చట్ట సంపుటి ఉంది. పొరుగువారి తగాదాలపై అందులోని భాగం చదివినప్పుడు నాకు మన మేడ్చల్ రోడ్డు గురించే రాశారా అనిపించింది. యజమాని తన ఆస్తిని తన ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చు, అయితే పొరుగువారికి ‘జరర్ ఫాహిష్’, అంటే మితిమీరిన హాని కలిగితే అడ్డుకోవచ్చు అని దాని సారాంశం. మితిమీరిన హాని అంటే ఏమిటి? కట్టడాన్ని బలహీనపరచేది, లేదా ఆ ఇంట్లో ఉండడానికి అవసరమైన మూల ప్రయోజనాన్నే పోగొట్టేది. కమ్మరి కొలిమి సుత్తి దెబ్బలకు పక్కింటి గోడ కదలడం, గానుగ వాసనకో పొయ్యి పొగకో పక్కింట్లో కాపురం ఉండలేకపోవడం వంటివి దానికి ఉదాహరణలు. కిటికీలోంచి కనబడే దృశ్యం పోయిందనో, గాలి కాస్త తగ్గిందనో ఫిర్యాదు చేస్తే మాత్రం అది ఆ కోవలోకి రాదు.

యజమాని పక్షాన మరో మాట కూడా అందులో ఉంది. ఒకడు ముందునుంచే ఒక పని చేసుకుంటూ ఉండగా, తర్వాత వచ్చి పక్కన ఇల్లు కట్టుకున్నవాడు ఆ పని ఆపించలేడు. న్యాయమే. రేపు ఈ గోదాముల పక్కన ప్లాటు కొని, లారీల చప్పుడని కోర్టుకెక్కేవాడికి నేను సానుభూతి చూపలేను. అయితే ఇక్కడ ముందున్నది ఊరు. కుంట ఊరికన్నా పాతదో ఏమో. పూర్వం నుండి సాగుతున్న నీటి పారుదలను, దారిని ఉన్నదున్నట్టు వదలాలన్నది కూడా మజల్లా మొదటి పుటల్లోని సూత్రాల్లో ఒకటి. ఆ సన్నని గీత మీద జేసీబీ నడిచినప్పుడు దెబ్బ తిన్నది సరిగ్గా ఆ హక్కే.

ఈ కొలబద్దతో ఊళ్ళో నేను చూసినవాటిని తూచాను. రోడ్డుపై లారీ పోవడం హాని కాదు, రోడ్డు అందరిది. రోడ్డుపై లారీని గంటల తరబడి నిలిపి ఉంచడం వేరే సంగతి. అందరి దారిలో కొంత భాగాన్ని ఒకడు తన వెయిటింగ్ యార్డుగా వాడుకుంటున్నాడు, ఆ యార్డు కోసం తన భూమిలో వదలాల్సిన అరెకరాన్ని అద్దెకిచ్చి లాభం తింటున్నాడు. దారిలోని ముల్లును తీసివేయడం విశ్వాసంలో భాగమని మనం చిన్నపిల్లలకు నేర్పుతాం. నలభై అడుగుల కంటైనరు విషయంలో ఆ పాఠం ఎందుకు గుర్తుకు రాదో నాకు అర్థం కాదు.

నీళ్ళ విషయంలో ఇమామ్ మాలిక్ (రహ్మ) ‘మువత్తా’లోని ఒక సంఘటన ఇంకా దగ్గరగా ఉంది. జహ్హాక్ బిన్ ఖలీఫా తన పొలానికి నీటి కాలువ తెచ్చుకోవాలంటే ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) భూమి మీదుగా రావాలి. ఆయన ఒప్పుకోలేదు. నీకూ లాభమే, నువ్వూ వాడుకోవచ్చు అన్నా వినలేదు. హజ్రత్ ఉమర్ (రజి) దగ్గరికి తగవు పోయింది. నీకు నష్టం లేకుండా నీ సోదరునికి లాభం కలిగే పనిని ఎందుకు అడ్డుకుంటావని ఉమర్ (రజి) నిలదీశారు. చివరికి కాలువ తీసుకుపోవడానికి గట్టిగా ఆదేశించారు. అక్కడ అడిగింది కొత్త కాలువ. ఇక్కడ పూడ్చింది తరతరాల కాలువ.

ఓడ పై అంతస్తులో కొందరు, కింది అంతస్తులో కొందరు ఉన్న హదీసు మన పాఠకులందరికీ తెలిసిందే. నీళ్ళ కోసం మాటిమాటికి పైకి పోయి వాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకు, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందామని కిందివారు అనుకుంటారు. వాళ్ళు చెడ్డవారేమీ కాదు, ఉద్దేశం కూడా మంచిదే. పైవారు వాళ్ళ చేయి పట్టుకోకపోతే అందరూ మునుగుతారని ప్రవక్త (స) హెచ్చరించారు. ప్రహరీ గోడ లోపల వేసే బోరు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ హదీసే గుర్తుకొస్తుంది. బోరు పైన గోడ ఉంటుంది. భూమి కింద నీటికి గోడ లేదు.

ఇదంతా విన్నాక ఆ పెద్దమనిషి, “అయితే ఏం చేయమంటారు మౌలానా, పడగొట్టమంటారా?” అన్నారు. అక్కర్లేదు. ఆ భూమిలోనే ఊరికి మేలు చేసే దారి ఉంది. ఆయన ముందే ఒక కాగితంపై లెక్క వేసి చూపించాను. మూడు షెడ్ల కప్పు కలిపి రెండు లక్షల చదరపు అడుగులు. హైదరాబాద్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ లెక్కన కప్పు మీద పడే నీరు దాదాపు కోటిన్నర లీటర్లు. ఆవిరైనది, పొర్లిపోయినది తీసేసినా కోటీ ఇరవై లక్షల లీటర్లు చేతికొస్తాయి. పదివేల లీటర్ల ట్యాంకర్లయితే పన్నెండు వందలు. ఇంత నీరూ ఇప్పుడు రేకుల మీది నుంచి సిమెంటు యార్డులోకి, అక్కడినుంచి రోడ్డు మీదికి పోతోంది. ముందు ఆ నేల ఈ నీటిని కొంతైనా తాగేది. ఇప్పుడు తాగదు. వాళ్ళు ఇస్తామన్న దానాలన్నీ ఒక ఎత్తు, దేవుడు ఆ కప్పు మీద కురిపించే ఈ నీరు ఒక్కటే ఒక ఎత్తు.

కప్పు నీటిని గొట్టాల ద్వారా ఇంకుడు గుంతలకు మళ్ళించాలి, మిగిలింది కుంటకు పోవాలి. ఇక్కడొక జాగ్రత్త ఉంది. లారీలు నిలిచే యార్డు నీటిలో డీజిలు, ఆయిలు కలుస్తాయి. దాన్ని తెచ్చి ఇంకుడు గుంతలో వదిలితే ఊరి బోర్లలోకి విషం ఎక్కించినట్టే. ఆ నీటికి వేరే కాలువ, జిడ్డును పట్టి ఆపే తొట్టి ఉండాలి. పూడ్చిన కాలువకు గోడ కింద సరిపడా వెడల్పుతో తూము పెట్టాలి. చెరువుల విషయంలో మన భవన నియమాల్లోనే, పది హెక్టార్లు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుండి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటలకు 9 మీటర్లు వదలాలని 2012 నుండి ఉంది. బావి చుట్టూ, కాలువ గట్టున కొంత స్థలాన్ని ‘హరీమ్’గా వదలాలని, అక్కడ మరొకరు తవ్వకూడదని ఫుఖహా చెప్పినదీ ఇలాంటిదే. అధికారి కొలిచి పట్టుకుంటాడేమోనన్న భయంతో వదిలేవాడికీ, అది తనది కాదని వదిలేవాడికీ తేడా ఉంది.

గేటు సర్వీసు రోడ్డు వైపు మారాలి. లారీలు లోపలే నిలవడానికి చోటు, డ్రైవర్లకు మరుగుదొడ్లు, తాగునీరు కావాలి. రాత్రంతా వెలిగే పెద్ద దీపాలు ఊరి ఇళ్ళ వైపు కాక నేల వైపు చూడాలి. గోడ వెంట కానుగ, వేప నాటితే దుమ్ము కొంత ఆగుతుంది. కప్పుపై సౌర ఫలకాలు పెడితే ఎవరి భూమీ పోకుండానే కరెంటు వస్తుంది, అది వ్యాపారానికీ లాభమే కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

కూలీల సంగతి మాత్రం చెప్పాలి. ‘ఊరికి ఉద్యోగాలు వస్తాయి’ అన్న మాట మీదే ఆ ఊరివాళ్ళు మొదట్లో సంతోషించారు. వచ్చినవి నాలుగు వాచ్‌మన్ ఉద్యోగాలు, కొన్ని ఊడ్చే పనులు. సరుకు ఎత్తే పనికి కాంట్రాక్టరు దూర రాష్ట్రాల నుండి కుర్రాళ్ళను తెచ్చాడు. వాళ్ళు కూడా అల్లాహ్ దాసులే, వాళ్ళను పంపించేయమని నేననను. వేసవిలో రేకుల కింద గాలి ఆడని చోట మూటలు మోసే వాళ్ళకు గాలి, నీరు, విశ్రాంతి, రాత్రి పడుకోవడానికి మనిషి ఉండదగిన చోటు చూడవలసిన బాధ్యత కాంట్రాక్టరుదని యజమాని తప్పుకోకూడదు. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోదాముకు నిప్పంటుకుని పై అంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని 9 మంది ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా నిల్వ చేసిన సరుకు పక్కనే మనుషులు నివసిస్తున్నారు.

ఈ దారిలో మనకన్నా చాలా ముందు నడిచిన ఒక ప్రాంతాన్ని చూస్తే మనకు రాబోయేది కొంత అర్థమవుతుంది. అమెరికాలో లాస్ ఏంజిలిస్, లాంగ్ బీచ్ రేవుల్లో దిగే సరుకులో చాలా భాగం తూర్పుకు, శాన్ బెర్నార్డినో, రివర్‌సైడ్ అనే రెండు కౌంటీలకు చేరుతుంది. ఒకప్పుడు అక్కడ నారింజ తోటలు, పాడి పశువుల శాలలు. ఇప్పుడు దాదాపు 4,000 గోదాములు, వంద కోట్ల చదరపు అడుగుల కప్పు. బడుల పక్కన, ఇళ్ళ పెరళ్ళను ఆనుకుని లారీలు, గాలిలో డీజిలు పొగ. చివరికి అక్కడి వాయు నాణ్యతా సంస్థ 2021 మేలో ఒక నియమం తెచ్చింది. లక్ష చదరపు అడుగులు దాటిన గోదాము నడిపేవారు లారీల పొగకు తామే జవాబుదారీ వహించాలి. పొగ లేని వాహనాలు వాడో, సౌర విద్యుత్తు పెట్టో, దగ్గరి బడుల్లో గాలి శుద్ధి యంత్రాలు అమర్చో ఏటా ఇన్ని పాయింట్లు సంపాదించాలి, లేకపోతే రుసుము కట్టాలి. లారీ మాది కాదు, మేం కేవలం కట్టడం గలవాళ్ళం అన్న సాకు అక్కడితో చెల్లకుండా పోయింది. 2024లో కాలిఫోర్నియా రాష్ట్రం మరో చట్టం చేసి, కొత్త పెద్ద గోదాముల లోడింగు తలుపులు ఇళ్ళకు, బడులకు 300 నుండి 500 అడుగుల దూరంలో ఉండాలని, 2026 జనవరి 1ని అమలు తేదీగా పెట్టింది. నాలుగు వేలు కట్టాక వచ్చిన బుద్ధి ఇది. కట్టిన వాటిని ఎవరూ 300 అడుగులు వెనక్కి జరపలేరు కదా. మన ఊళ్ళలో ఇంకా నాలుగో అయిదో కట్టిన దశలోనే ఉన్నాం.

ఇక సదర్ సాబ్ మాటకు వద్దాం. మస్జిదుకు బోరు తీసుకోవచ్చా?

ఆ సొమ్ము హరామ్ కాదు. అద్దె ధర్మసమ్మతమైన సంపాదన. అంతవరకు చూస్తే తీసుకోవచ్చు. నన్ను ఆపింది దాని వెనుక నడుస్తున్న బేరం. బోరు వేసిన మర్నాడు ఆ నలభై కుటుంబాలు అర్జీ మీద సంతకం వెనక్కి తీసుకుంటాయి. కాలువ పూడి చేను మునిగిన రైతు ముస్లిం కాదు. బోరు అడుగంటిన కాలనీలో ఎక్కువమంది ముస్లింలు కారు. వాళ్ళ నీళ్ళ మీద మన మౌనాన్ని అమ్మి మనం వుజూ నీళ్ళు కొనుక్కున్నామంటే ఆ వ్యవహారానికి దానమన్న పేరు తగదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగింటికి పంపారా, పంపారా అని ఇంట్లోవాళ్ళను మళ్ళీ మళ్ళీ అడిగారు. పొరుగువారి గురించి జిబ్రీల్ (అలై) ఎడతెగక తాకీదు చేస్తూ వచ్చారన్న ప్రవక్త (స) మాటను ఆయన అక్కడే గుర్తుచేశారు. పొరుగు హక్కుకు కలిమాతో నిమిత్తం లేదు.

ఇంకో సంగతి. హఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కులు, ఎవరికి హాని జరిగిందో వారికే చెల్లించాలి. రైతు చేను ముంచి మస్జిదుకు చందా ఇస్తే అది రైతు ఖాతాలో జమ కాదు. ఒకరి దగ్గర అప్పు చేసి మరొకరికి కానుక ఇచ్చినవాడు అప్పు తీర్చినట్టు ఎలా అవుతుంది? ముందు కాలువ, చేను నష్టం, గేటు. ఇవి బాకీ. బోరు, బడి రంగులు, ఇఫ్తార్ ఆ తర్వాత వచ్చే నఫిల్. నఫిల్ గొప్పదే, కాని ఫర్జ్ వదిలి నఫిల్ చదివేవాడికి మనం ఏం చెబుతామో అదే ఇక్కడా చెప్పాలి.

ఇలా రాస్తుంటే నా మీద నాకే ఒక అనుమానం రాకపోలేదు. నేను పనిచేసే మదరసా కూడా చందాల మీదే నడుస్తుంది. ప్రతి రసీదు వెనుకా ఏ కాలువ పూడిందో నేను వెళ్ళి చూస్తున్నానా? లేదు. ఇంత ఆరా తీస్తే ఇచ్చేవాడెవడు అని సదర్ సాబ్ అడిగారు. ఆ మాటలో బరువుంది. ఆరా తీయకపోవడం వేరు, తెలిసి కూడా కళ్ళు మూసుకోవడం వేరు అని మాత్రమే నేను చెప్పగలిగాను. ఆయన ఒప్పుకోలేదు. పట్నంలో కుళాయి ఉన్నవాడికి వుజూ నీళ్ళ విలువ తెలియదన్నారు. దానికీ నా దగ్గర జవాబు లేదు.

గోదాముల యజమానికి ఇవన్నీ ఒక కాగితంపై రాసి ఇచ్చాను. ఆయన భాగస్తులతో నాలుగు నెలలు వాదించారు. చేను మునిగిన రైతుకు ఆ ఏడాది పంట నష్టం తన వాటా నుండి ఇచ్చి, మాఫీ అడిగారు. 2025 వానలకు ముందు గోడ కింద తూము పడింది. నేను చెప్పినంత వెడల్పు లేదు, పెద్ద వానకు చాలదేమో. మూడు షెడ్లలో ఒకదాని కప్పు నీరు ఇంకుడు గుంతలోకి పోతోంది. గేటు మార్చడానికి ఇద్దరు భాగస్తులు ఇంకా ఒప్పుకోలేదు, కాని లారీలను అయిదింటికే లోపలికి వదులుతున్నారు. మస్జిదు బోరు ఇంకా పడలేదు. గేటు మారేదాకా ఆ మాట ఎత్తవద్దని ఆయనే సదర్ సాబ్‌కు చెప్పారట. మొన్న జుమాకు వెళ్తే సదర్ సాబ్ సలామ్‌కు జవాబిచ్చారు గాని, ఎప్పటిలా చాయ్‌కి ఆగమని అనలేదు.